శ్రవణానికి ఒక్క ఉష్ణోగ్రత చాలదు

సంపాదకులకు,

మీ విద్యా పేజీలో వచ్చిన ప్రకాశవంతమైన నక్షత్రాల పట్టిక గురించి ఈ ఉత్తరం. శ్రవణం (ఆల్టెయిర్) దూరం 16.7 కాంతి సంవత్సరాలన్నారు, ఏ7 తరగతి (వర్ణపటాన్ని బట్టి చేసే వర్గీకరణ) తెల్ల నక్షత్రమన్నారు. రెండూ సరైనవే. కానీ ఉష్ణోగ్రతకు ఒకటి, వ్యాసార్థానికి ఒకటి చొప్పున అంకెలిచ్చి వదిలేశారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వాటినే బట్టీ పడతారు. ఈ నక్షత్రం విషయంలో అది కుదరదు.

శ్రవణం గుండ్రంగా లేదు. సూర్యుడి మధ్యరేఖ ఒక చుట్టు తిరగడానికి సుమారు 25 రోజులు పడితే, అంతకన్నా పెద్దదైన శ్రవణం తొమ్మిది గంటల్లోపే తిరిగేస్తుంది. మధ్యరేఖ దగ్గర వేగం సెకనుకు 280 కిలోమీటర్లు దాటుతుంది. దాంతో నడుము ఉబ్బింది. ధ్రువాల వైపు వ్యాసార్థం సూర్యుడికి 1.6 రెట్లయితే, మధ్యరేఖ వైపు 2 రెట్లు.

ఉష్ణోగ్రతలో తేడా వచ్చేది కూడా ఇక్కడే. ఉబ్బిన చోట ఉపరితలం కేంద్రానికి దూరమవుతుంది, పైగా అపకేంద్ర బలం ఎదురు లాగుతుంది. అలా గురుత్వం తగ్గిన చోట లోపలి నుంచి పైకి వచ్చే శక్తి కూడా తగ్గుతుంది. అందుకే ధ్రువాల దగ్గర దాదాపు 8,500 కెల్విన్లు, మధ్యరేఖ దగ్గర 6,900. అంతరం చిన్నదిగా అనిపించవచ్చు. కానీ వెలువడే శక్తి ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ధ్రువం దగ్గర ఒక చదరపు మీటరు మధ్యరేఖ దగ్గరి చదరపు మీటరు కన్నా 2.3 రెట్లు ఎక్కువ శక్తిని వెదజల్లుతుంది. ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2007లో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీద ఉన్న చారా అనే టెలిస్కోపుల సముదాయం అందుకున్న కాంతిని కలిపి శ్రవణం ఉపరితలాన్ని చిత్రించారు. సూర్యుడి లాంటి ప్రధాన క్రమపు (కేంద్రంలో హైడ్రోజన్‌ను హీలియంగా మార్చే దశలోని) నక్షత్రాల్లో, సూర్యుణ్ణి మినహాయిస్తే, అలా చిత్రానికి చిక్కిన మొదటిది ఇదే. గురుత్వానికి, ఉష్ణోగ్రతకు ఉన్న ఈ సంబంధం మీద స్వీడన్ ఖగోళ శాస్త్రవేత్త ఫాన్ జైపెల్ 1924లో ఇచ్చిన సూత్రం చెప్పినదానికన్నా మధ్యరేఖ ఇంకా చల్లగా కనిపించింది.

అభిజిత్ (వేగా) సంగతీ ఇలాంటిదే, అక్కడ పొరపాటు పడటం ఇంకా సులువు. దాని ధ్రువం దాదాపు మన వైపే తిరిగి ఉంది. వేగంగా తిరిగే నక్షత్రం వర్ణపటంలో రేఖలు వెడల్పవుతాయి, కానీ ధ్రువం వైపు నుంచి చూస్తే ఆ చలనం మన వైపుకు గానీ అటు వైపుకు గానీ పెద్దగా ఉండదు. అందువల్ల రేఖలు సన్నగా కనిపిస్తాయి, వాటిని నమ్మితే వేగం సెకనుకు 20 కిలోమీటర్ల పైచిలుకే తేలుతుంది. అసలు వేగం దానికి ఎన్నో రెట్లు. సిరియస్ మెల్లగా తిరుగుతుంది కాబట్టి దానికి 9,900 కెల్విన్లని ఒక్క అంకె ఇచ్చినా ఇబ్బంది లేదు.

కాబట్టి మళ్లీ పట్టిక వేసేటప్పుడు ధ్రువానికి ఒక గడి, మధ్యరేఖకు ఒక గడి పెట్టండి. చోటు లేకపోతే అంకె పక్కన 'సగటు' అని రాసినా మేలే.

నక్షత్రాన్ని కళ్లారా చూపించదలచిన విశాఖ ఉపాధ్యాయులకు అక్టోబరు మొదటి వారం అనువైనది. రాత్రి 7 గంటలకు శ్రవణం దాదాపు నడినెత్తిన, కాస్త దక్షిణంగా, 81 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. వీధి దీపాలు తక్కువగా ఉన్న చోటు చూసుకోవాలి. సముద్రం మీంచి ఉదయిస్తున్నప్పుడు రంగు తేల్చవద్దు. తేమ, ఉప్పు గాలి వల్ల తెల్ల నక్షత్రం కూడా పసుపుగా కనిపిస్తుంది. 7×50 బైనాక్యులర్‌లో శ్రవణం, దానికి అటూ ఇటూ ఉన్న రెండు చుక్కలు ఒకేసారి పడతాయి. ఫోకస్‌ను కొద్దిగా చెదరగొడితే చుక్క చిన్న బిళ్లలా పరుచుకుని రంగు స్పష్టపడుతుంది. శ్రవణం తెలుపు, ఆ రెండు చుక్కల్లో ఉత్తరాన ఉన్న టారాజెడ్ నారింజ. నడుము ఉబ్బు మాత్రం స్కూలు టెలిస్కోపులో కూడా కనపడదని పిల్లలకు ముందే చెప్పండి. ఆకాశంలో శ్రవణం వెడల్పు ఆర్క్‌సెకనులో (డిగ్రీలో 3,600వ వంతు) వెయ్యింట మూడు వంతులే.

— భౌతికశాస్త్ర అధ్యాపకులు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం