జోరీగ కుడితే నొప్పి సూది ఎందుకు?

సంపాదకుడు గారికి,

వానలు పడి పొలాల్లో దమ్ములు మొదలయ్యాయంటే మా ఉద్దానం వైపు జోరీగలు కూడా దిగినట్టే. మొన్న మా అన్నయ్య చెరువులో గేదెను కడుగుతుంటే ముంజేతి మీద ఒకటి కుట్టింది. దోమలాగా తెలియకుండా కుట్టిపోయే రకం కాదిది, ఆడ జోరీగ చర్మాన్ని కత్తితో కోసినట్టు కోసి, ఊరిన రక్తాన్ని తాగుతుంది, అందుకే కుట్టగానే ప్రాణం జిల్లుమంటుంది. కొట్టి చంపాడు గానీ కుట్టినచోట రక్తపు చుక్క నిలిచే ఉంది. సాయంత్రానికి చెయ్యి ఎంత పొంగిందంటే వాచీ తియ్యడానికి సబ్బు నురగ రాయాల్సొచ్చింది.

వదిన సున్నం రాసింది. దాంతో మంట ఇంకా పెరిగింది. మర్నాడు ఊళ్లో సూదులేసే ఆయన దగ్గరికెళ్తే ఒక నొప్పి సూది, ఒక యాంటీబయాటిక్ సూది, పైగా ఐదు రోజులకు నొప్పి మాత్రలు. అన్నయ్యకు రక్తంలో క్రియాటినిన్ ఎక్కువుందని, అంటే కిడ్నీలు సరిగా పని చెయ్యట్లేదని మూడేళ్లుగా తెలుసు, రిపోర్టు సంచిలోనే ఉంది, అడిగితే కదా చూపించడానికి! డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, అసలే దెబ్బతిన్న కిడ్నీకి అది ఇంకో దెబ్బ. కిడ్నీ జబ్బుల కోసమే పలాసలో 200 పడకల ఆసుపత్రి కట్టాల్సి వచ్చిన ప్రాంతం మాది. ఇక్కడ కూడా ఈగ కుట్టినందుకు నొప్పి సూదేనా? సూది పడకపోతే వైద్యమే జరగలేదనుకునే రోగం మాకూ ఉంది లెండి, తప్పంతా ఆయన మీదే నెట్టను.

తర్వాత ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది వింటే ఇంత సులువా అనిపించింది. సబ్బుతో కడగాలి, ఐసు ముక్కను గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టాలి, చెయ్యి ఎత్తి ఉంచాలి, గోకకూడదు. దురద ఆగకపోతే కాలమిన్ లోషన్, లేదంటే సెట్రిజిన్ బిళ్ల, కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఆ బిళ్ల డోసు కూడా తగ్గించాలట, కాబట్టి అడక్కుండా మింగొద్దు. మొదటి రోజు రెండో రోజు వచ్చే వాపు, ఎరుపు చాలావరకు ఈగ లాలాజలం పడక వచ్చేదే, చీము పట్టడం కాదు, దానికి యాంటీబయాటిక్‌తో పని లేదు. రెండు మూడు రోజులు దాటాక ఎరుపు పాకుతూ, వేడెక్కి, చీమో జ్వరమో వస్తే అప్పుడు ఆలస్యం చెయ్యకూడదు, షుగరు ఉన్నవాళ్లయితే మరీను.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. అరుదే గానీ, కుట్టిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదాలు నాలుక ఉబ్బి, ఊపిరాడక కళ్లు తిరిగితే అది ప్రాణం మీదికొచ్చే అలర్జీ. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. అప్పుడు బతికించేది తొడ కండకు వేసే అడ్రినలిన్ సూది, సెట్రిజిన్ బిళ్ల దానికి సరిపోదు. మా ఊరి క్లినిక్‌లో ఆ సూది మందు ఉందా అని అడిగితే అయిపోయిందన్నారు. అక్కర్లేని సూదులు వీధి వీధిలో దొరుకుతున్నాయి, కావలసిన ఒక్కటి లేదు.

జిల్లా వైద్యాధికారులను అడిగేది రెండే. ఉద్దానంలో ఎవరు సూది వేసినా ముందు కిడ్నీ గురించి అడిగి తీరాలని గట్టిగా చెప్పండి, వినకపోతే చర్య తీసుకోండి. ప్రతి ఊరి క్లినిక్‌లోనూ గడువు తీరని అడ్రినలిన్ ఉందో లేదో ఈ ఉభాలు (వరి నాట్లు) అయ్యేలోపు చూడండి. అన్నయ్య చెయ్యి మామూలైపోయింది, క్రియాటినిన్ పరీక్ష మాత్రం సోమవారం ఉంది.

ఇట్లు
ఒక పాఠకురాలు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా