చర్చి కప్పుకూ పిడికెడు బియ్యానికీ మీ చేయి కావాలి

ప్రభువునందు ప్రియమైన సంఘస్థులకు, బతుకుదెరువు కోసం హైదరాబాదుకో గల్ఫుకో వెళ్లిన మన బిడ్డలకు, మనల్ని తమవాళ్లుగా చూసుకునే ఊరివాళ్లందరికీ యేసుక్రీస్తు నామంలో వందనాలు.

మన చర్చి కప్పు ఉరుస్తోంది. నిరుడు వానకాలమంతా పుల్పిట్ పక్కన బకెట్లు పెట్టుకుని ఆరాధన జరుపుకున్నాం. మేస్త్రీ పైకెక్కి చూస్తే రెండు టేకు దూలాలకు చెద పట్టింది, వేలు పెట్టి గీకితే పొడి రాలుతోంది. రాతి గోడలు మాత్రం చెక్కుచెదరలేదు. మొత్తం కూల్చేసి శ్లాబు వేద్దామని కొందరన్నారు. కమిటీ ఒప్పుకోలేదు. డంగు సున్నంతో కట్టిన ఆ గోడలకు మన తాతలు, ముత్తాతలు కూలి తీసుకోకుండా రాళ్లు మోశారు. దూలాలు, వాసాలు మార్చి, కొత్తగా బెంగుళూరు పెంకులు నేయిస్తే చాలు.

ఈ సంఘం ఎక్కడినుంచి వచ్చిందో మన పిల్లలకు తెలియాలి. అమెరికా బాప్టిస్టు మిషనరీలు 1836లో తెలుగు నేల మీద అడుగు పెట్టి నెల్లూరులో, ఒంగోలులో స్థిరపడ్డారు. నిజాం ఇలాకాలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. సికింద్రాబాదు, హన్మకొండ, ఆ తర్వాత 1885లో పాలమూరు. నల్లగొండకు 1890లో వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్, మరియ దంపతులైతే అమెరికా వాళ్లే కాదు. రష్యా చక్రవర్తి ఏలుబడిలో, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో సేద్యం చేసుకునే మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల బిడ్డలు. అక్కడి సంఘాలు పంపిన చందాలతో, అమెరికా బాప్టిస్టు మిషన్ కింద ఇక్కడ పనిచేశారు. తర్వాత సూర్యాపేట దాకా ఆ పని పాకింది. మొదటి ప్రపంచ యుద్ధం, దాని వెనకే 1917 విప్లవం వచ్చి ఆ చందాల దారి మూసుకుపోయింది. మన పల్లెల్లో సంఘాలు మాత్రం ఆగలేదు.

అంతకు ముందు ఒంగోలులో జరిగిన సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేం. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశమంతా కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని, కూలి ఇప్పించారు. ఏ కులమని అడగలేదు. అప్పుడే బాప్తిస్మం కోసం వందలమంది ఆయన చుట్టూ చేరారు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, ఏడాదికి పైగా ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం పనులు ముగిశాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను అందరూ గొప్పగా చెప్పుకుంటారు. మాకు మాత్రం అంతకంటే ఆయన ఆగిన కాలమే పెద్దదనిపిస్తుంది. పెట్టేటప్పుడు ఏమీ అడగకూడదని మన సంఘం నేర్చుకున్నది అక్కడే.

మన దగ్గర ఆ పని పిడికెడు బియ్యంతో సాగుతోంది. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు తీసి ముంతలో వేస్తుంది. ఆదివారం ఆ ముంతను కొంగు చాటున తెచ్చి, చర్చి వెనక మూల ఉన్న చెక్కపెట్టెలో పోస్తుంది. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ అందులోనే కలుస్తాయి. ఎవరు ఎంత పోశారో రాసే పుస్తకం లేదు, ఉండదు కూడా. స్త్రీల సమాజం అక్కలు అంచు అరిగిన పాత సోలతో కొలిచి, దిక్కులేని ముసలివాళ్లకు, మంచాన పడ్డవాళ్లకు ఇళ్లకు చేరుస్తారు. వాళ్లలో మన సంఘంవాళ్లు కొందరే. ఫ్లోరైడ్ నీళ్లకు నడుం వంగిపోయి గడప దాటలేని పెద్దలు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నారు, వాళ్లకు బియ్యంతోపాటు మందుల ఖర్చూ, నల్లగొండ ఆసుపత్రికి ఆటో కిరాయీ కావాలి.

కప్పు నీళ్లు ఇప్పుడు ఆ పెట్టె మీదే పడుతున్నాయి. తాత్కాలికంగా పాస్టరు గారి ఇంట్లో పెట్టాం.

కప్పు పనికి వడ్రంగి, మేస్త్రీ కలిసి వేసిన అంచనా 8 లక్షల రూపాయలు. కోత పండుగ కానుకలు, సంఘం పొదుపు కలిపి 1,60,000 చేతిలో ఉన్నాయి. బియ్యం పేరున వచ్చిన పైసా కూడా కప్పుకు వాడం, రెండింటికీ లెక్కలు వేరు. మీరు ఇచ్చేది దేనికో రసీదు మీద రాయించుకోండి. చెప్పకపోతే సగం సగం వేస్తాం. పెద్ద మొత్తం ఇచ్చినవారి పేర్లు రాతిమీద చెక్కించాలన్న ప్రతిపాదన వచ్చింది, వద్దనుకున్నాం. అందరి పేర్లూ ఒకే పుస్తకంలో, వచ్చిన వరుసలో ఉంటాయి.

డబ్బే కానక్కర్లేదు. ఒక ట్రాక్టరు ఇసుక, నాలుగు వాసాలు, రెండు రోజుల పని, ఏదైనా సంతోషంగా తీసుకుంటాం. దూరాన ఉన్నవారు సంఘం పేరున ఉన్న బ్యాంకు ఖాతాకే పంపండి. వివరాలు కార్యదర్శి దగ్గర ఉన్నాయి. వ్యక్తుల ఫోన్ నంబర్లకు ఎవరికీ పంపవద్దు. జమాఖర్చులు ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక చదివి వినిపిస్తాం.

మృగశిర కార్తెలోపు పెంకులు పైకెక్కాలి. ఈస్టర్ మరుసటి సోమవారం పాత పెంకులు దించడం మొదలుపెడతాం. ఆ పొద్దున వీలైనవారంతా తట్ట, గంప తెచ్చుకుని రండి.

ఇట్లు,
సంఘ పెద్దలు, కమిటీ సభ్యులు, స్త్రీల సమాజం