గుంటూరు జిల్లా కలెక్టర్ గారికి: మా ఊళ్ల గ్రంథాలయాల సెస్సు, చెమ్మ, చెదల సంగతి

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

తెనాలి చుట్టుపక్కల కాలువ గట్టు ఊళ్లకు గ్రంథాలయం పైనుంచి ఎవరో ఇచ్చింది కాదు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం మొదలయ్యాక, జనమే చందాలు వేసుకుని పుస్తకాలు కొనుక్కున్నారు. 1935లో పెదపాలెం కేంద్రంగా పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊళ్లకు చేరవేశారు. ఇప్పుడు రోడ్లున్నాయి, శాఖా గ్రంథాలయాలూ ఉన్నాయి. చాలాచోట్ల తలుపుకు తాళమే కనిపిస్తోంది.

డబ్బు లేదన్న మాట మేము ఒప్పుకోం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు కడుతున్నాం. వెయ్యి రూపాయల పన్నుకు 80 రూపాయలు. పంచాయతీ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. పన్నుతోపాటే సెస్సూ వసూలవుతుంది గనక రెండూ కలిసిపోతాయి. ఈలోగా వీధి దీపాల కరెంటు బిల్లు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు మీదపడతాయి. సెస్సు బకాయి పద్దులోకి వెళ్తుంది. వసూలైన నెలలోనే దాన్ని విడిగా జమ చేయించండి. వసూలెంత, జమ ఎంత అన్నది పంచాయతీ నోటీసు బోర్డు మీద రాయించండి. పాత బకాయిలను పంచాయతీల చేత వాయిదాల్లో కట్టించండి.

ఇక భవనాలు. కాలువ పక్క నేల ఎప్పుడూ పదునుగానే ఉంటుంది. పునాది మీద చెమ్మను పైకి రానివ్వని పొర వెయ్యని పాత ఇటుక గోడ ఆ తడిని పైకి పీలుస్తుంది. దానిమీద ఎనామిల్ రంగు కొట్టిస్తే తేమ బయటికి పోలేక లోపలే నిలిచి, ఏడాది తిరక్కుండా పెచ్చులూడుతుంది. సున్నం వేయించడమే మేలు, ఖర్చూ తక్కువ.

గోడకు ఆనించిన బీరువాలో అట్టడుగు అర చూడండి. పుస్తకం అట్ట బాగానే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా తగులుతుంది, తెరిస్తే కాగితాలకు బదులు మట్టి రాలుతుంది. చెద కుట్టు వైపు నుంచి తినుకుంటూ వస్తుంది కాబట్టి బయటికి తెలియదు. బీరువా గోడకు జానెడు ఎడంగా, నేలకు అడుగు ఎత్తున ఉండాలి. గోడా నేలా కలిసే చోట అడుగుకొక రంధ్రం వేసి, 20 ఈసీ రకం క్లోర్‌పైరిఫాస్ అనే చెదల మందు లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలిపి, రంధ్రానికి లీటరు చొప్పున పోసి సిమెంటుతో మూసెయ్యాలి. పుస్తకాలన్నీ బయటికి తీశాకే ఈ పని చెయ్యాలి. తర్వాత రెండు రోజులు కిటికీలు తెరిచి ఉంచి, లోపలికి ఎవరినీ రానివ్వకూడదు. పైపైన మందు చల్లిపోతే చెద ఇంకో గోడకు మారుతుంది, అంతే.

ఒకే ఉద్యోగి రెండు మూడు ఊళ్లు చూస్తున్నచోట, ఏ ఊళ్లో ఏ రోజు, ఏ వేళ తెరుస్తారో తలుపు మీద రాయించండి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు సాయంత్రం వేళ ముఖ్యం. వాళ్లకు ఇంట్లో చోటుండదు.

కాలువకు నీళ్లు వదలకముందే గట్టు ఊళ్ల గ్రంథాలయాల గోడలు పంచాయతీరాజ్ ఇంజినీర్లకు చూపించి, అంచనాలు వేయించండి. పుస్తకాలు మోయడానికి, ఎండబెట్టడానికి, జాబితా రాయడానికి మనుషులు మా ఊళ్ల నుంచే వస్తారు.

ఇట్లు,
కాలువ గట్టు ఊళ్ల పాఠకులు,
తెనాలి ప్రాంతం, గుంటూరు జిల్లా