ఎర్రగీత దగ్గర మొదలుపెట్టు

విజయనగరం

చిరంజీవి బాబుకు మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఈ కాగితానికి ఎడమ అంచున ఎర్ర సిరాతో నిలువుగా ఒక గీత గీశాను. ప్రతి వరుసకూ ఆ గీత కనిపించేదాకా తల తిప్పి, అక్కడి నుంచి చదువు.

బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలాక, ఇంటికి వచ్చిన కొత్తలో నీవు ఎడమ పక్కనున్న మంచినీళ్ల గ్లాసును రోజూ ఒలకబోస్తూ, ద్వారబంధానికి ఎడమ భుజం కొట్టుకుంటూ ఉంటే, పరధ్యానమనుకుని కసురుకున్నాను. కంటి పరీక్షలో అడుగు వరుస అక్షరాలు కూడా చదివావు కాబట్టి చూపుకు లోటు లేదనుకున్నాను. మన స్టేషను బోర్డును నీవు ‘నగరం’ అని చదివిన రోజున గాని నాకు అనుమానం రాలేదు. ‘విజయ’ నీకు కనబడనే లేదు. ఆ కసురులకు నన్ను క్షమించు నాయనా.

ఎవరైనా ఎడమ కన్ను పోయిందా అని అడిగితే కాదని చెప్పు. నీ కళ్లు రెండూ బాగున్నాయి. దెబ్బ తగిలింది మెదడు వెనుక భాగంలో, చూపును గ్రహించే చోట, కుడి సగానికి. రెండు కళ్లలోనూ ఎడమవైపు దృశ్యం చేరేది అక్కడికే కనుక, ఏ కన్ను మూసి చూసినా నీకు ఎడమ పక్క ఉండదు. కళ్లద్దాలతో తీరేది కాదు.

నీకు చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. తిరిగి రావలసిన చూపు చాలావరకు మొదటి 3 నెలల్లోనే వస్తుందని, 6 నెలలు దాటితే పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టరుగారు అన్నారు. ఇది ఎనిమిదో నెల. అమ్మ పైడితల్లి అమ్మవారికి మొక్కుకుంటూనే ఉంది, ఆమెను నేను వారించను. కానీ నీవు తల తిప్పి వెతుక్కునే అలవాటును మాత్రం ఒక్క రోజు కూడా మానవద్దు.

విశాఖలో రోడ్డు దాటేటప్పుడు మొదటి సగం కంటే డివైడరు దాటిన తరువాతే నాకు భయం, ఎందుకంటే అక్కడ బండ్లు ఎడమ నుంచే వస్తాయి. అక్కడ ఆగి, భుజం మీదుగా పూర్తిగా తిరిగి చూడు. మన ఊళ్లో మూడు లాంతర్ల కూడలి దగ్గర ఇన్నాళ్లూ నీ ఎడమ పక్కన నేను నడిచాను. విశాఖలో తోటివాళ్లను ఆ పక్కన నడవమని అడగడానికి మొహమాటపడకు. బండి తాళాలు నా దగ్గరే ఉంటాయి.

గదికి చేరగానే ఫోను చెయ్యి.

ఇట్లు,
మీ నాన్న