క్యూబాపై ఆంక్షలు: ప్రవాసుల పట్టు ఎక్కడుంది?

సంపాదకులకు నమస్కారం.

క్యూబాపై అమెరికా ఆంక్షల వార్త వచ్చిన ప్రతిసారీ మన పత్రికల్లో వ్యాఖ్య ఒకే తీరుగా ఉంటోంది. మయామీలోని ప్రవాస క్యూబన్లు ఓట్లతో, డబ్బుతో శ్వేతసౌధాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారని రాసి వదిలేస్తున్నారు. అందులో సగం నిజముంది. మిగతా సగం చెప్పకపోవడం వల్ల క్యూబాతో సంబంధాలు చక్కబెట్టడానికి ఒబామా 2014లో మొదలుపెట్టిన పని మధ్యలో ఎందుకు ఆగిందో, ప్రవాసుల అభిప్రాయం మారినా విధానం ఎందుకు కదలదో పాఠకులకు అంతుబట్టడం లేదు.

ముందుగా ఒక పొరపాటు సరిదిద్దాలి. ఆంక్షలు ప్రవాసులు పెట్టించినవి కావు. 1962 ఫిబ్రవరిలో కెన్నెడీ తన ఉత్తర్వుతో వాణిజ్యం ఆపేసేనాటికి వాళ్లలో చాలామందికి అమెరికాలో ఓటే లేదు. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో ఫిడెల్ కాస్ట్రో ప్రభుత్వాన్ని కూల్చడానికి క్యూబా తీరంలోని బే ఆఫ్ పిగ్స్‌లో దిగిన సుమారు 1,400 మంది ప్రవాసులకు శిక్షణ, ఆయుధాలు ఇచ్చింది సీఐఏ. అప్పట్లో వాళ్లు విధానానికి పనిముట్లు మాత్రమే. విధానం రాసే స్థాయికి రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ ఎదుగుదలకు పునాది 1966 నాటి క్యూబన్ అడ్జస్ట్‌మెంట్ చట్టం. అధికారుల అనుమతితోనో పెరోల్‌ (వీసా లేకుండా ఇచ్చే తాత్కాలిక ప్రవేశం) పైనో అమెరికాలో అడుగుపెట్టిన క్యూబా పౌరుడు ఏడాది ఉంటే చాలు, గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మొదట ఈ గడువు రెండేళ్లు, 1980లో ఏడాదికి తగ్గించారు. దేశాలవారీ కోటా దీనికి వర్తించదు. పైగా కార్డుపై తేదీని 30 నెలల దాకా వెనక్కి జరుపుతారు కాబట్టి, పౌరసత్వానికి కావలసిన ఐదేళ్ల లెక్క ఇంచుమించు వచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. ఉద్యోగ వీసాలపై వెళ్లిన మన తెలుగువాళ్ల సంగతి చూడండి. ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి కింద ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఓటు చేతికొచ్చేసరికి పిల్లలు కాలేజీకి వస్తారు. ప్రవాసుల పలుకుబడిని పోల్చేటప్పుడు సంఘాల సభలు, సన్మానాల కంటే ముందు ఈ తేడాను చూడాలి. క్యూబన్లకు ఓటు త్వరగా వచ్చింది, అదీ ఎక్కువగా ఒకే రాష్ట్రంలో. ఒక్క ఓటు ఆధిక్యం ఉన్నా అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఫ్లోరిడా ఎలక్టర్లందరూ ఒకే అభ్యర్థికి దక్కుతారు. 2000లో ఆ రాష్ట్రం ఫలితం 537 ఓట్లతో తేలింది.

ఓట్లకు తోడు సంస్థ కావాలి. రీగన్ గద్దెనెక్కిన 1981లో హోర్హే మాస్ కనోసా నాయకత్వాన క్యూబన్ అమెరికన్ నేషనల్ ఫౌండేషన్ పుట్టింది. ఇజ్రాయెల్ అనుకూల లాబీ పనితీరును చూసి దాన్ని మలచుకున్నారు. పరిశోధన, ప్రచారం ఒకవైపు, ఎన్నికల విరాళాల కోసం విడిగా ఒక కమిటీ మరోవైపు. విరాళాలు రిపబ్లికన్లకే పరిమితం చేయకపోవడం వాళ్ల తెలివి. విదేశాంగ కమిటీల్లో కూర్చునే డెమొక్రాట్లకూ ఇచ్చారు. క్యూబా శ్రోతల కోసం అమెరికా ప్రభుత్వం 1985 మేలో మొదలుపెట్టిన రేడియో మార్తీ వాళ్ల తొలి పెద్ద విజయం. 1992లో న్యూజెర్సీ డెమొక్రాట్ టొరిసెల్లీ తెచ్చిన బిల్లుపై పెద్ద బుష్ తటపటాయిస్తుంటే, ప్రత్యర్థి క్లింటన్ మయామీ వెళ్లి మద్దతు ప్రకటించారు. ఎన్నికలకు కొద్ది రోజుల ముందు బుష్ సంతకం పెట్టక తప్పలేదు. ఆ చట్టం ప్రకారం అమెరికా కంపెనీలకు ఇతర దేశాల్లో ఉన్న అనుబంధ సంస్థలు కూడా క్యూబాతో వ్యాపారం చేయకూడదు. సరుకు కోసం క్యూబా రేవులో ఆగిన ఓడ 180 రోజుల దాకా అమెరికా రేవుల్లో సరుకు ఎత్తడానికీ దించడానికీ వీల్లేదు. చిన్న ద్వీపానికి రవాణా ఖర్చు పెంచడంలో ఈ రెండో నిబంధన చాలా గట్టి దెబ్బ.

అసలు మలుపు 1996. ఆంక్షలను మరింత బిగించే హెల్మ్స్-బర్టన్ బిల్లు అంతకు ముందే సెనేట్‌లో చిక్కుకుంది. వివాదాస్పదమైన మూడో అధ్యాయాన్ని తీసేస్తే గానీ గట్టెక్కలేదు. ఫిబ్రవరి 24న మయామీ ప్రవాసుల సంస్థ ‘బ్రదర్స్ టు ద రెస్క్యూ’కు చెందిన రెండు చిన్న విమానాలను క్యూబా యుద్ధవిమానం కూల్చేసింది. నలుగురు చనిపోయారు. దాంతో తీసేసిన అధ్యాయం తిరిగొచ్చింది, అంతవరకూ వ్యతిరేకించిన క్లింటన్ మార్చి 12న సంతకం చేశారు. అంతకన్నా ముఖ్యమైనది తుది ముసాయిదాలో చేరిన ఒక నిబంధన. అప్పటిదాకా అధ్యక్షుడి ఉత్తర్వులపై నడిచిన ఆంక్షలన్నిటినీ అది చట్టంగా మార్చేసింది. దీనికోసం పట్టుబట్టిన మయామీ సభ్యుడు లింకన్ డియాజ్-బలార్ట్ కాస్ట్రో మొదటి భార్యకు స్వయానా మేనల్లుడు.

ఇప్పుడు అధ్యక్షుడు ఆంక్షలను నిలిపేయాలంటే క్యూబాలో ఫిడెల్ గానీ ఆయన తమ్ముడు రౌల్ గానీ లేని పరివర్తన ప్రభుత్వం రావాలి. అది రాజకీయ ఖైదీలందరినీ విడుదల చేయాలి, రాజకీయ కార్యకలాపాలన్నిటినీ చట్టబద్ధం చేయాలి, రాజ్య భద్రతా విభాగాన్ని రద్దు చేయాలి, 18 నెలల్లోగా స్వేచ్ఛగా ఎన్నికలు జరుపుతామని ప్రకటించాలి. పూర్తిగా ఎత్తేయాలంటే ఎన్నికైన ప్రభుత్వం ఉండాలి. మరో దేశపు మంత్రివర్గంలో ఎవరుండకూడదో పేర్లతో సహా రాసిన ఇలాంటి చట్టం చాలా అరుదు. ఇక మూడో అధ్యాయం, కాస్ట్రో ప్రభుత్వం జప్తు చేసిన ఆస్తిని వాడుకుంటున్న విదేశీ కంపెనీలపై అమెరికా కోర్టుల్లో దావా వేసే హక్కు ఇస్తుంది. జప్తు నాటికి అమెరికా పౌరులైన వారి క్లెయిములు 5,911 అప్పటికే ధ్రువీకరించి ఉన్నాయి, విలువ సుమారు 185 కోట్ల డాలర్లు. ఈ చట్టం ఆ రోజున క్యూబా పౌరులుగా ఉండి, తర్వాత అమెరికా పౌరులైన వారికీ దావా హక్కు కల్పించింది. అంతర్జాతీయ న్యాయం ప్రకారం అభ్యంతరమంతా ఇక్కడే. ఐరోపా సమాఖ్య అదే ఏడాది దీనికి విరుగుడుగా ఒక చట్టం చేసింది. అధ్యక్షులందరూ ఆరేసి నెలలకోసారి ఈ అధ్యాయాన్ని వాయిదా వేస్తూ వచ్చారు. ట్రంప్ 2019 మే 2న ఆ వాయిదాకు తెరదించారు.

ప్రవాసులు కోరినదల్లా జరగలేదని కూడా చెప్పాలి. 2000 ఏప్రిల్‌లో బాలుడు ఎలియాన్ గొంజాలెస్‌ను మయామీ బంధువుల ఇంటి నుంచి ఫెడరల్ అధికారులు తీసుకెళ్లినప్పుడు ఊరంతా వీధుల్లోకి వచ్చినా ఫలితం లేకపోయింది. పిల్లవాడు తండ్రితో క్యూబా వెళ్లిపోయాడు. సముదాయమూ ఒక్కటి కాదు. 1960లలో ఆస్తులు పోగొట్టుకుని వచ్చినవారి కోపం వేరు, 1980లో క్యూబాలోని మరియెల్ రేవు నుంచి, 1994లో తెప్పలపై వచ్చినవారి అవసరం వేరు. రెండో వర్గానికి ద్వీపంలో తల్లిదండ్రులున్నారు, డబ్బు పంపాలి. 2004లో చిన్న బుష్ కుటుంబ సందర్శనను మూడేళ్లకోసారి, 14 రోజులకు కుదించి, పిన్నులు, మేనమామలను కుటుంబం లెక్కలోంచి తీసేసినప్పుడు నలిగింది వీళ్లే. ఒబామా 2009లో దాన్ని ఎత్తేశారు. ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ 1991 నుంచి జరుపుతున్న సర్వేలో, 2014 నాటికి మయామీ-డేడ్‌లోని క్యూబన్లలో సగానికి పైగా ఆంక్షలు వద్దన్నారు. కొన్నేళ్లకే గాలి మళ్లీ ఎదురు తిరిగింది. చట్టం మాత్రం రెండుసార్లూ ఉన్నచోటే ఉంది.

ప్రవాసుల బాధ నిజమైనది. ఆస్తులు పోయాయి, అయినవాళ్లు జైళ్లలో మగ్గారు. కానీ ఆ బాధను చట్టంగా బిగించిన తీరువల్ల, దానితో సంబంధం లేని తరం హవానాలో మందులకూ కరెంటుకూ అల్లాడుతోంది. ప్రభుత్వ తప్పిదాలు ఎన్ని ఉన్నా ఈ భారం కూడా లెక్కలోకి రావాలి.

అందుకే మీ విలేఖరులకు ఒక విన్నపం. క్యూబా వార్త రాసేటప్పుడు ఏది ఎవరి చేతిలో ఉందో విడదీసి చెప్పండి. రాయబార కార్యాలయం తెరవడం, ఉగ్రవాద పోషక దేశాల జాబితా అధ్యక్షుడి అధికారంలోవి. అందుకే 2025 జనవరి 14న బైడెన్ జాబితా నుంచి తీసేయాలని నిర్ణయిస్తే 20న ట్రంప్ దాన్ని రద్దు చేయగలిగారు. ప్రయాణ, నగదు బదిలీ అనుమతులు ట్రెజరీ శాఖ నిబంధనల్లోవి. పర్యాటకానికి మాత్రం 2000 నాటి చట్టం అడ్డు, అనుమతించిన 12 కారణాల్లో ఏదో ఒకటి ఉండాలి. మిగతా ఆంక్షలను క్యూబాలో ప్రభుత్వం మారకుండా ఎత్తేయాలంటే కాంగ్రెస్ ఉభయసభలు ఓటు వేయాలి. ఏటా ఐక్యరాజ్యసమితిలో భారత్ సహా అత్యధిక దేశాలు ఈ ఆంక్షలకు వ్యతిరేకంగా ఓటు వేసినప్పుడు, ఆ వార్త పక్కనే ఈ నాలుగు వాక్యాలు వేస్తే పాఠకులకు మేలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం