ఐస్ దిమ్మలో తెల్లచార

మినియాపొలిస్,
జనవరి 18

ఒరేయ్ బాబ్జీ,

కనుమ నాడు నీ ఫోన్ ఎత్తలేదని కోపం పెట్టుకోకురా. అప్పుడు నేను పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని బకెట్ బోర్లిస్తున్నాను. బయట మైనస్ 18. గ్లవ్స్ తీస్తే కాసేపట్లోనే వేళ్లు మొద్దుబారిపోతాయి. ఆ రోజు చెప్పాల్సిందంతా ఇప్పుడు రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

నేను ఐస్‌తో దీపాలు చేస్తున్నాను. ఇక్కడికొచ్చిన మొదటి రెండేళ్లు చలికాలమంతా కిటికీ తెర కూడా తీసేవాణ్ణి కాదని నీకు తెలుసుగా. పోయినేడు ఆఫీసు స్నేహితుడొకడు లేక్ ఆఫ్ ద ఐల్స్ అనే చెరువు దగ్గరికి లాక్కెళ్లాడు. ఏటా చలికాలంలో ఒక రాత్రి, గడ్డకట్టిన ఆ చెరువు మీద వందల కొద్దీ ఐస్ దీపాలు పెడతారు. వాటి మధ్య నుంచి జనం నడుచుకుంటూ వెళ్తారు. కాళ్ల కింద చెరువు, చుట్టూ దీపాలు. కార్తీక పౌర్ణమి రాత్రి గోదావరి గట్టు గుర్తొచ్చి గొంతు పట్టేసిందిరా. పక్కనే ఉన్న సెయింట్ పాల్ వాళ్లయితే 1886లోనే ఏకంగా ఐస్ కోట కట్టారు. ఈ ఊరు సైబీరియాలా ఉంది, మనుషులుండే చోటు కాదని న్యూయార్క్ విలేకరి ఒకాయన రాశాడట. దానికి జవాబుగా మొదలుపెట్టిన చలికాలపు జాతర ఇప్పటికీ జరుగుతోంది. ఆ పౌరుషం నాకు భలే నచ్చింది.

చేసే పద్ధతి చెప్తాను. 19 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ నిండా నీళ్లు పోసి మంచు మీద పెట్టేయాలి. పైనా పక్కలా ముందు గడ్డకడుతుంది. కింద ఉన్న మంచు దుప్పటిలా చలిని ఆపుతుంది కాబట్టి అడుగున పలచగా ఉంటుంది, నడుమ నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. ఇంచుమించు ఒక రోజు గడిచాక బకెట్ బోర్లించి, చుట్టూ గోరువెచ్చటి నీళ్లు పోస్తే దిమ్మ జారి బయటికొస్తుంది. ఇప్పుడు పైకొచ్చిన ఆ పలచటి అడుగుని ఉలితో కొట్టి, లోపలి నీళ్లు ఒంపేస్తే గుండిగలా బోలుగా మిగులుతుంది. అందులో కొవ్వొత్తి పెట్టడమే. అదను చూసుకోవడంలోనే ఉంది పని. తొందరపడితే గోడ అప్పడంలా విరుగుతుంది, ఆలస్యమైతే లోపలంతా గట్టిపడి కొవ్వొత్తికి చోటే ఉండదు.

అమ్మ ఆవకాయ పెట్టిచ్చిన స్టీలు డబ్బా ఉండేది కదా, ఒకసారి దాన్నిండా నీళ్లు పోసి మూత బిగించి రాత్రంతా వదిలేశాను. నీళ్లు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతాయని బడిలో చదువుకున్నదే. పొద్దున చూస్తే డబ్బా అడుగు గుండ్రంగా పొంగిపోయి ఉంది. ఇప్పుడది నేల మీద నిలబడదు. పారేయడానికి మనసొప్పక అల్మారాలో పెట్టాను.

మా చిన్నదానికి పూరేకులు పొదిగిన ఐస్ బిళ్లలంటే ఇష్టం. మధ్యలో గొట్టం ఉండే కేకు గిన్నెలో అరంగుళం నీళ్లు పోసి ముందు గడ్డకట్టించాలి. దాని మీద రేకులు పరిచి, చల్లటి నీళ్లు కొంచెం కొంచెం పోయాలి. అన్నీ ఒకేసారి పోస్తే రేకులన్నీ పైకి తేలిపోతాయి. వేసవిలో మా పెరట్లో పూసిన బంతిపూలు అది ఎండబెట్టి దాచింది. ఆ రేకులతో చేసిన బిళ్లకి భోగి నాడు పురికొస కట్టి మేపుల్ చెట్టుకి వేలాడదీశాం. పొద్దుటి ఎండ వెనక నుంచి పడేసరికి ఒక్కో రేకు అంచు ఎర్రగా వెలిగింది. ఒక రేకు కొసన ఆవగింజంత గాలిబుడగ అతుక్కుని ఉంది. దాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయాను.

సంక్రాంతికి మీ చెల్లెమ్మకి ఇంకో ఆలోచన వచ్చింది. తెల్లటి మంచు మీద పిండిముగ్గు కనపడదు కదా, అందుకని చుక్కల బదులు దీపాలు పెడదామంది. చిన్న డబ్బాలతో తొమ్మిది దీపాలు చేసి, వాకిట్లో మూడు వరసలు మూడు చుక్కలుగా పెట్టాం. గీతలు కలపకపోయినా అది ముగ్గేనని ఎవరికైనా తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. పూర్తిగా గట్టిపడిన దిమ్మని అటూ ఇటూ తిప్పి చూస్తే, అంచులు అద్దంలా ఉన్నాయి, నడుమ మాత్రం తెల్లగా ఒక చార. చూడగానే మీ నాన్నగారు పనిచేసిన ఐస్ ఫ్యాక్టరీ కళ్ల ముందుకొచ్చింది. ఎండాకాలం సెలవుల్లో కాకినాడ హార్బరుకి వెళ్లే ఆ దిమ్మల మీద చెంప ఆనించుకునేవాళ్లం. నడుమ ఆ తెలుపేమిటని అడిగితే, "అది గాలిరా. నీళ్లు గడ్డకడుతూ గాలిని లోపలికి తోసేస్తాయి, ఆఖరికి పోయేచోటు లేక అక్కడే చిక్కుకుంటుంది" అన్నారు. దిమ్మ గడ్డకట్టే క్యాన్‌లోకి సన్నగొట్టం దింపి నీళ్లు కదిలేలా గాలి ఊదడం కూడా చూపించారు, గుర్తుందా? అలా చేసిన దిమ్మ అవతలి మనిషి కనిపించేంత తేటగా వచ్చేది.

నేనూ చేపల తొట్టికి వాడే చిన్న గాలి పంపు కొనుక్కొచ్చాను. అయితే గొట్టం ఎప్పుడు పైకి తీయాలో తెలియక మొన్న ఐస్‌లోనే ఇరుక్కుపోయింది. నాన్నగారిని అడిగి చెప్పరా: నడుమ ఎంత నీళ్లు మిగిలాక గొట్టం తీసేవారు? ఆ మిగిలిన నీళ్లు తోడేసి కొత్త నీళ్లు పోసేవారా, అలాగే వదిలేసేవారా? ఆయన చెప్పింది చెప్పినట్టు వాయిస్ మెసేజ్ పెట్టు, ఆయన గొంతు వినీ చాలా రోజులైంది. ఈ వారమంతా చలి తగ్గదంటున్నారు. రెండు బకెట్లు కడిగి సిద్ధంగా పెట్టుకున్నాను.

నీ
శీను