విత్తన ఆలుగడ్డకు వైరస్ పరీక్ష కావాలి

జహీరాబాద్ ప్రాంతంలో ఆలుగడ్డ వైరస్‌లకు రైతులు మందుల దుకాణంలో విరుగుడు వెతుకుతున్నారు. అసలు బెడద చాలామట్టుకు ఉత్తరాది నుంచి లారీల్లో దిగే విత్తనపు బస్తాలోనే ఉంది. మొలిచిన నెల తిరిగేసరికి అడుగు ఆకులు పైకి చుట్టుకుని, పట్టుకుంటే అట్టలా పెళపెళమంటుంటే అది గడ్డతో వచ్చిన ఆకుచుట్టు వైరస్సే. సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు. వైరస్‌ను మోసే పేనుబంకకు మందు కొడితే చాలన్నదీ సగం నిజమే. ఆకుచుట్టు వైరస్‌ను ఎక్కించుకుని మరో మొక్కకు అంటించడానికి ఆ పురుగుకు గంటలు పడుతుంది కాబట్టి పిచికారీ కొంత పనిచేస్తుంది; ఆకులపై మచ్చలు పడే మొజాయిక్ తెగులు తెచ్చే వై వైరస్‌ను మాత్రం సెకన్లలో అంటించేస్తుంది, మందు తగిలి చచ్చేలోపే నష్టం జరిగిపోతుంది. ఎక్స్ వైరస్‌కైతే పురుగే అక్కర్లేదు, గడ్డలు కోసే కత్తి చాలు. ఒకే కత్తితో బస్తాలకు బస్తాలు కోయించడం ఇకనైనా మానాలి. 30–40 గ్రాముల గడ్డలను కోయకుండానే నాటాలి. కోయక తప్పకపోతే కత్తిని మాటిమాటికీ బ్లీచింగ్ నీళ్లలో ముంచాలి. తెగులు మొక్కను పైపైన పీకేయడమూ దండగే, తల్లిగడ్డ, పిల్లగడ్డలతో సహా తవ్వి పొలం దాటించాలి. ఈ పంటలో విత్తనమే పెద్ద ఖర్చు కాబట్టి ఉద్యాన శాఖ నాట్లకు ముందే ప్రతి లాటు నుంచి గడ్డలు తీసి, మొలకలకు ఎలైసా (వైరస్ ఉందో లేదో పట్టే ల్యాబ్ పరీక్ష) చేయించి, ఫలితాన్ని మార్కెట్ యార్డులో అంటించాలి. తెల్ల ట్యాగో (ఫౌండేషన్ విత్తనం) నీలి ట్యాగో (ధ్రువీకరించిన విత్తనం) లేని బస్తాను విత్తనంగా అమ్మనివ్వకూడదు.